నాన్న నేర్పిన మాట: ఆర్చీ బంకర్ ఇంటి గురించి పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ అనే పాత అమెరికన్ హాస్య ధారావాహికను పరిచయం చేసిన తరువాత ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ధారావాహికతో మొదలై సొంత ఇంటి సంగతులతో ముగిసినవే. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గర ఉండడానికి డాలస్ వెళ్ళినప్పుడు కాలేజీలో చదివే మనవడు ఈ ధారావాహికలో కొన్ని భాగాలు మాకు చూపించాడు. అందులోని ఇంటి పెద్ద నోరు విప్పితే చాలు, నల్లవారినీ యూదులనూ ఏదో ఒక మాట అంటూనే ఉంటాడు. మనవడు నవ్వాడు, మావారూ నవ్వారు. అయితే మనవడికి ఆ మనిషిని చూస్తే నవ్వొచ్చింది, మావారికి ఆ మనిషి అన్న మాటకు నవ్వొచ్చింది. ఇలాంటి నోటిదురుసు మనిషిని ముందు పెట్టి ఇంటిల్లిపాదీ చూసే కార్యక్రమం ఎందుకు తీశారు?
(విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి)

జవాబు: అమ్మా, ఆ గదిలో మీరు గమనించిన తేడా చిన్నది కాదు. ఆ ధారావాహిక మీద నడిచిన వాదనంతా దాని చుట్టూనే తిరిగింది. దాని సంగతి తరువాతి జవాబులో రాస్తాను. ముందు, ఎందుకు తీశారన్న మీ ప్రశ్నకు వస్తాను.

1971 జనవరి 12న సీబీఎస్‌లో మొదలైన ఈ ధారావాహిక 1979 ఏప్రిల్ వరకు 200కు పైగా భాగాలుగా వచ్చింది. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో, హౌసర్ వీధిలోని 704వ నంబరు అనే కల్పిత చిరునామాలో నివసించే బంకర్ కుటుంబం కథ ఇది. ఆర్చీ బంకర్ సరుకు ఎక్కించే దించే చోట ఫోర్‌మన్, రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. భార్య ఈడిత్ కల్మషం తెలియని మనిషి. కూతురు గ్లోరియా, ఆమెను పెళ్ళి చేసుకుని అత్తవారింట్లోనే ఉండి చదువుకుంటున్న పోలిష్ మూలాల అల్లుడు మైక్ కూడా ఆ ఇంట్లోనే ఉంటారు. మామగారూ ఇల్లరికపుటల్లుడూ మాటామాటా అనుకోవడం మనకు కొత్త సంగతి కాదు. అయితే వీళ్ళిద్దరూ పోట్లాడుకునేది కట్నకానుకల మీద కాదు. పక్కింట్లోకి నల్లవారు రావచ్చునా, వియత్నాం యుద్ధం న్యాయమా అన్న వాటి మీద. అన్నం బల్ల దగ్గర, పడక్కుర్చీ పక్కన, వంటింటి గుమ్మంలో నిలబడి ఆ వాదనలు జరుగుతాయి. అంతకుముందు అమెరికన్ కుటుంబ హాస్య కార్యక్రమాల్లో జాతి వివక్ష ఉన్నట్టే కనిపించేది కాదు. దేశమంతా నల్లవారి హక్కుల ఉద్యమంతో అట్టుడికిపోతున్న రోజుల్లో కూడా ఆ కార్యక్రమాల్లోని కుటుంబాలకు వచ్చే పెద్ద కష్టం పిల్లవాడి పరీక్ష తప్పడమో, కేకు మాడిపోవడమో.

నిర్మాత నార్మన్ లియర్ ఈ మనిషి కోసం దూరం వెళ్ళవలసిన అవసరం లేకపోయింది. ఆయన 1922లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఆయన తండ్రి కొడుకును తిట్టవలసి వచ్చినప్పుడు, తాను చూసిన తెల్లపిల్లల్లోకెల్లా నువ్వే పెద్ద సోమరివని అనేవారట. నల్లపిల్లలు ఎలాగూ సోమరులే, తెల్లవాడివై ఉండి నీకేం వచ్చిందన్న అర్థం అందులో దాగి ఉంది. నన్ను తిట్టడానికి ఒక జాతినంతా ఎందుకు తక్కువ చేస్తారని కొడుకు అడిగితే, తాను అలాంటిదేమీ అనలేదని తోసిపుచ్చి, తెల్లపిల్లల్లోకెల్లా తెలివితక్కువవాడివి కూడా నువ్వేనని మరో మాట కలిపేవారట. భార్యను నోరు నొక్కుకోమని గదమాయించడం కూడా ఆ ఇంటి అలవాటే. ఆర్చీ ఈడిత్‌ను కసిరే మాట అక్కడి నుంచి వచ్చింది. బ్రిటన్‌లో ఇలాంటి మామాఅల్లుళ్ళ ధారావాహిక వస్తున్నదని చదివినప్పుడు లియర్‌కు తమ ఇల్లే కళ్ళ ముందు కదిలింది. ఏబీసీ సంస్థ రెండుసార్లు నమూనా భాగం తీయించి కూడా ప్రసారం చేయడానికి జంకింది. చివరికి తీసుకున్న సీబీఎస్ కూడా మొదటి భాగానికి ముందు ఒక హెచ్చరిక వేసింది. మనలోని బలహీనతలనూ దురభిప్రాయాలనూ నవ్వుతో చూపించి, అవి ఎంత అర్థం లేనివో తెలియజేయడమే తమ ఉద్దేశమని దాని సారాంశం.

అంటే, మీరన్న ఆ నోటిదురుసు మనిషిని లియర్ శత్రువుగా చూడలేదు. తండ్రిగా చూశారు. ఈ ధారావాహిక బలమూ దాని ప్రమాదమూ రెండూ అక్కడే ఉన్నాయి.

ప్రశ్న: మేము జర్నలిజం తరగతిలో ఈ ధారావాహిక గురించి చర్చించుకున్నాం. ఇది జాతి వివక్షను తగ్గించిందా, లేక దానికి ముద్దు ముఖం తొడిగిందా? సహాధ్యాయులు రెండు జట్లుగా చీలిపోయారు.
(విద్యార్థి, హైదరాబాదు)

జవాబు: మీ తరగతి చీలినట్టే 1971లో అమెరికా కూడా చీలింది. యూదు ద్వేషం మీద ప్రసిద్ధమైన నవల రాసిన లారా హాబ్సన్ ఆ ఏడాది సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక పెద్ద వ్యాసం రాశారు. నిజమైన ద్వేషి ఇంట్లో ఎలాంటి పదాలు వాడతాడో వాటిని ఈ కార్యక్రమం వినిపించడం లేదని, కాస్త మెత్తని పదాలను ఎంచుకుని, ప్రేమించదగిన మనిషి నోట పలికించి, ద్వేషాన్ని కడిగి శుభ్రం చేసి ఇంట్లోకి తెస్తున్నదని ఆమె ఆక్షేపణ. లియర్ మరుసటి నెలలోనే అదే పత్రికలో జవాబిచ్చారు. ద్వేషించేవాళ్ళందరూ రాక్షసులైతే గుర్తుపట్టడం సులభమే, కాని వాళ్ళు మన తండ్రులు, మేనమామలు, మనం ప్రేమించే మనుషులు అన్నది ఆయన వైపు వాదన.

మూడేళ్ళ తరువాత నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ వాదనను పరీక్షకు పెట్టారు. అమెరికాలో కౌమారవయస్కులనూ కెనడాలో పెద్దవారినీ ప్రశ్నించి, వాళ్ళలో జాతి పట్ల దురభిప్రాయం ఎంత ఉందో కొలిచి, ఆపైన ధారావాహిక గురించి ఏమనుకుంటున్నారో అడిగారు. కార్యక్రమం అన్ని రకాల వారికీ నచ్చింది. కాని దురభిప్రాయం ఎక్కువగా ఉన్నవారికి ఆర్చీ మాటల్లోనే సబబు కనిపించింది, వాదనలో చివరికి గెలిచేది కూడా ఆర్చీయే అనిపించింది. ఒకే దృశ్యం, ఒకే నవ్వు. ఎవరు ఏ కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంటే వారికి అదే కనిపించింది. తెనాలి అమ్మగారు డాలస్‌లో సొంత కళ్ళతో చూసినది ఈ సంగతినే. 1972 అధ్యక్ష ఎన్నికల సమయంలో ఆర్చీ బంకర్‌ను అధ్యక్షుణ్ణి చేయాలని రాసిన బిళ్ళలూ చొక్కాలూ అమ్ముడుపోయాయి. కొన్నవారందరూ వేళాకోళానికే కొన్నారని అనుకోవడానికి లేదు.

లియర్ కూడా గొప్పలకు పోలేదు. 2,000 ఏళ్ళ మతబోధ తీసివేయలేని ద్వేషాన్ని అరగంట హాస్య కార్యక్రమం తీసివేస్తుందని తాను ఎన్నడూ అనుకోలేదని ఆయన పలుమార్లు అన్నారు. 1971 నుంచి 1976 దాకా వరుసగా ఐదు సీజన్లు అమెరికాలో అందరికన్నా ఎక్కువమంది చూసిన కార్యక్రమాన్ని తీసిన మనిషి అలా అనడంలో నిజాయితీ ఉంది.

నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతాను. ఈ ధారావాహిక ద్వేషించేవాడి మనసు మార్చలేదు. ఆ ఇంట్లోనే నోరు మూసుకుని కూర్చున్న మిగతావాళ్ళకు మాట అందించింది. తండ్రి ఏదో అన్నప్పుడు తలదించుకునే కొడుకూ, విననట్టు వంటింట్లోకి వెళ్ళిపోయే కూతురూ మర్నాడు ఆర్చీ పేరు ఎత్తి, నాన్నా, నువ్వూ అలాగే మాట్లాడుతున్నావని అనగలిగారు. అంతకుముందు ఆ మాట అనాలంటే తండ్రిని జాత్యహంకారి అనవలసి వచ్చేది, ఏ పిల్లలూ అంతటి మాట అనలేరు. కనుక మీ రెండు జట్లలో ఎవరూ ఓడిపోలేదు, కాని హాబ్సన్ వేలు పెట్టి చూపిన ప్రమాదం నిజమైనదని మొదటి జట్టు ఒప్పుకోవాలి. మరో సంగతి కూడా గమనించండి. వివక్షను ఖండించే మైక్‌ను కూడా రచయితలు వదిలిపెట్టలేదు. పక్కింటి నల్లజాతి యువకుడు లయనెల్ ఒక భాగంలో, నువ్వు నాతో ఎప్పుడూ నల్లవారి సమస్యల గురించే మాట్లాడతావని మైక్‌కే ముఖం మీద చెబుతాడు. స్నేహితుణ్ణి స్నేహితుడిగా కాక ఒక జాతికి ప్రతినిధిగా చూడడం కూడా వివక్షలో ఒక రకమేనని 1973 నాటికే ఒక హాస్య కార్యక్రమం గుర్తించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది.

ప్రశ్న: ఒక నల్లజాతి గాయకుడు ఆర్చీని ముద్దు పెట్టుకున్న దృశ్యం చరిత్రలో నిలిచిపోయిందని మా నాన్నగారు అంటారు. అది నిజంగా జరిగిందా?
(రాజమహేంద్రవరం)

జవాబు: జరిగింది. 1972 ఫిబ్రవరి 19న ప్రసారమైన భాగంలో సుప్రసిద్ధ గాయకుడు, నటుడు శామీ డేవిస్ జూనియర్ తన సొంత పాత్రలోనే కనిపించారు. పై ఆదాయం కోసం టాక్సీ నడుపుతున్న ఆర్చీ బండిలో ఆయన తన పెట్టె మరచిపోతారు, దాన్ని తీసుకోవడానికి ఆర్చీ ఇంటికి వస్తారు. అంత పెద్ద మనిషి ఇంటికి వస్తున్నాడని ఆర్చీ ఉబ్బిపోతాడు. డేవిస్‌కు 1954లో కారు ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. ఆ కన్ను ఊసెత్తవద్దని ఇంట్లోవాళ్ళను హెచ్చరించిన ఆర్చీయే, కాఫీ అందించేటప్పుడు చక్కెర కంట్లో వేయమంటారా అని నోరుజారుతాడు.

ముద్దు కన్నా అంతకుముందు వచ్చే సంభాషణ నాకు గొప్పగా అనిపిస్తుంది. దేవుడు మనల్ని కలిపి ఉంచాలనుకుంటే ఒకే చోట పెట్టేవాడు కదా, మిమ్మల్ని ఆఫ్రికాలో, మమ్మల్ని తెల్లదేశాల్లో పెట్టాడు కదా అని ఆర్చీ అమాయకంగా వాదిస్తాడు. మరి మేమెక్కడున్నామో దేవుడు మీకు చెప్పే ఉంటాడు, ఎవరో వచ్చి మమ్మల్ని పట్టుకుపోయారు అన్న అర్థంలో డేవిస్ నిదానంగా జవాబిస్తారు. 300 ఏళ్ళ బానిస వ్యాపారం ఆ ఒక్క మాటలో ఇమిడిపోయింది. హాల్లో కూర్చున్న ప్రేక్షకులు నవ్వారు, ఆర్చీకి మాత్రం ఆ మాట తగిలినట్టే లేదు. చివర్లో ఫొటో తీస్తుండగా, వెలుగు మెరిసే క్షణానికి సరిగ్గా డేవిస్ వంగి ఆర్చీ చెంప మీద ముద్దు పెడతారు. నల్లవాడు తాగిన గ్లాసును తాకడానికి వెనుకాడే మనిషికి ఇక ఆ ఫొటో జీవితాంతం మిగిలిపోతుంది.

ప్రశ్న: దీనికి మూలమైన బ్రిటిష్ ధారావాహికలో ఆసియా వారిని కూడా తిట్టేవారని విన్నాను. నిజమేనా?
(లండన్‌లో స్థిరపడిన పాఠకుడు)

జవాబు: నిజమే. జానీ స్పైట్ రాసిన ‘టిల్ డెత్ అజ్ డూ పార్ట్’ 1965లో బీబీసీలో నమూనా భాగంతో మొదలై 1975 దాకా విడతలుగా వచ్చింది. తూర్పు లండన్‌కు చెందిన ఆల్ఫ్ గార్నెట్ అందులో నల్లవారితో పాటు మన ఉపఖండం నుంచి వలస వెళ్ళినవారిని కూడా తిడతాడు. ఆ పాత్ర వేసిన వారెన్ మిచెల్ యూదుడు, ఆల్ఫ్ అభిప్రాయాలకు పూర్తిగా వ్యతిరేకి. అయినా వీధిలో జనం ఎదురై, వలస వచ్చినవాళ్ళకు బాగా బుద్ధి చెప్పారని ఆయనను మెచ్చుకునేవారు. మేము ఎగతాళి చేస్తున్నది మీలాంటివాళ్ళనే అని ఆయన చెప్పవలసి వచ్చేది. తిట్లు పడ్డ ఇళ్ళలోని పిల్లలు పెద్దవాళ్ళై, సొంతంగా రాసి నటించి, ఆంగ్లేయులనూ తమ తల్లిదండ్రులనూ కలిపి నవ్వించిన ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’ బీబీసీ టెలివిజన్‌లోకి రావడానికి 1998 దాకా పట్టింది.

ప్రశ్న: నల్లజాతి పాత్రలు తెల్లవాడికి బుద్ధి చెప్పడానికే ఉన్నాయా? వాళ్ళకంటూ ఒక ఇల్లు ఉండదా?
(పరిశోధక విద్యార్థిని, వరంగల్లు)

జవాబు: చాలా సరైన ప్రశ్న. మొదటి సీజన్‌లో వాళ్ళు వీధిలోకి వచ్చే తీరే చూడండి. పక్కిల్లు నల్లవాళ్ళు కొన్నారని తెలిసి ఆర్చీ హడలిపోతాడు, చందాలు పోగుచేసి ఆ ఇల్లు తిరిగి కొనేయాలని చూస్తాడు. తీరా చూస్తే కొన్నది తనకు తెలిసిన లయనెల్ తల్లిదండ్రులే. ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో జాతి వివక్షను నిషేధించిన చట్టం వచ్చింది 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి. అంటే ఆ భాగం ప్రసారమయ్యేనాటికి చట్టానికి మూడేళ్ళు కూడా నిండలేదు.

ఆ జెఫర్సన్ కుటుంబానికి 1975లో సొంత ధారావాహిక వచ్చింది, ఆర్చీ కథ కన్నా ఎక్కువ కాలం, 1985 దాకా నడిచింది. బట్టలుతికే దుకాణాలతో డబ్బు సంపాదించిన జార్జ్ జెఫర్సన్ పొగరుబోతు, తెల్లవారంటే అతనికీ గిట్టదు. పై అంతస్తులో నల్లజాతి హెలెన్, ఆమె తెల్లజాతి భర్త టామ్ ఉంటారు. వాళ్ళమ్మాయినే జార్జ్ కొడుకు లయనెల్ పెళ్ళాడతాడు. అమెరికన్ టెలివిజన్‌లో రాత్రి ప్రధాన సమయంలో కనిపించిన మొట్టమొదటి జాత్యంతర దంపతుల్లో వీళ్ళు ఉన్నారు. అలాంటి పెళ్ళిళ్ళను 16 రాష్ట్రాలు నేరంగా చూస్తుండగా సుప్రీంకోర్టు ఆ చట్టాలను 1967లో కొట్టివేసింది, అది జరిగి అప్పటికి ఎనిమిదేళ్ళే. తెల్లజాతి భర్తతో నటించడానికి ఇబ్బంది ఉంటుందా అని నిర్మాతలు అడిగినప్పుడు, హెలెన్ పాత్ర వేసిన రాక్సీ రోకర్ తన సొంత భర్త ఫొటో చూపించారు. ఆయన తెల్లజాతివారే.

అయితే సమస్య తీరిపోలేదు. నల్లజాతి పేద కుటుంబం కథగా 1974లో వచ్చిన ‘గుడ్ టైమ్స్’లో తండ్రి లేని ఇల్లు చూపబోతే, తల్లి పాత్రధారిణి ఎస్తర్ రోల్ పట్టుబట్టి తండ్రిని పెట్టించారు. ఆ తండ్రి పాత్ర వేసిన జాన్ ఏమస్, పెద్దకొడుకు చేత కోతిచేష్టలు చేయించి నవ్వులు పిండుతున్నారని అభ్యంతరం చెప్పి, చివరికి ధారావాహిక నుంచి బయటికి వెళ్ళవలసి వచ్చింది. నల్లవారి ఇల్లు తెర మీదికి రావడం ఒక ఎత్తు, ఆ ఇంట్లో ఎవరిని చూసి నవ్వాలో నిర్ణయించే కుర్చీలో వాళ్ళు కూర్చోవడం మరో ఎత్తు.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో 22 ఏళ్ళుగా ఉంటున్నాం. మా అమ్మాయి తనతో కలిసి చదువుకున్న నల్లజాతి అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానంటోంది. అబ్బాయి మంచివాడు, చదువుకున్నవాడు. మావారు రెండు నెలలుగా అమ్మాయితో మాట్లాడడం లేదు. తెల్లజాతి అబ్బాయి అయినా సరిపెట్టుకునేవాణ్ణని ఒకరోజు ఆయన నోట వచ్చింది. అది విని అమ్మాయి తలుపు వేసుకుని ఏడ్చింది. ఆయన చెడ్డవారు కాదు, ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా రాత్రంతా కూర్చునే మనిషి. మీరు రాసిన ధారావాహిక ఆయనకు చూపిస్తే ప్రయోజనం ఉంటుందా?
(ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఆయన చెడ్డవారు కాదని మీరు రాసిన వాక్యాన్ని నేను నమ్ముతున్నాను. మీ అమ్మాయి కష్టం అంతా దాన్ని నమ్మడం వల్లనే. చెడ్డ మనిషి అన్న మాటను పక్కకు నెట్టేయవచ్చు. జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ వేసిన చేయి అలాంటి మాట అంటే ఎక్కడికి నెట్టాలి?

మొదటి సీజన్ భాగాలు ఆయనకు చూపించకండి. తెనాలి అమ్మగారి ఇంట్లో జరిగినదే మీ ఇంట్లోనూ జరగవచ్చు. 1978 ఫిబ్రవరిలో ప్రసారమైన ‘టూస్ ఎ క్రౌడ్’ అన్న భాగం ఒక్కటి చూపించండి, వీలైతే మీరు కూడా పక్కన కూర్చోండి. ఆర్చీ, మైక్ ఇద్దరూ ఆర్చీ బార్‌లోని సామాన్ల గదిలో చిక్కుకుపోతారు. తలుపు తెరుచుకోదు, చలి, తాగడానికి మద్యం మాత్రం ఉంది. మత్తులో ఆర్చీ తన చిన్నతనం చెప్పుకొస్తాడు. పేదరికం వల్ల ఒక కాలికి బూటు, మరో కాలికి వేరే చెప్పు వేసుకుని బడికి వెళితే పిల్లలు వెక్కిరించిన సంగతీ, ఒక నల్లపిల్లవాడు తనను కొట్టిన సంగతీ చెబుతాడు. ఎందుకు కొట్టాడని మైక్ అడిగితే, వాణ్ణి తాను ఆ తిట్టుమాటతో పిలిచానని అంటాడు. ఎందుకలా పిలిచావంటే, మరేమని పిలవాలి, మా నాన్న వాళ్ళను పిలిచే మాట అదొక్కటే కదా అంటాడు. మీ నాన్న తప్పు అని మైక్ అనగానే ఆర్చీ విలవిలలాడిపోతాడు. ఇంటి మీద కప్పు నిలబెట్టి, ఒంటి మీద బట్ట కప్పి, చేయి పట్టుకుని పార్కులో నడిపించిన మనిషి తప్పు ఎలా చెబుతాడని అడుగుతాడు. అదే చేయి తనను కొట్టి విరిగిందనీ, అదే నాన్న తనను ఏడు గంటలు అలమారలో పెట్టి తలుపు వేశాడనీ, అదంతా ప్రేమతోనేననీ చెబుతూ నిద్రలోకి జారుకుంటాడు. మైక్ ఇక వాదించడు, దుప్పటి కప్పుతాడు.

దాన్ని చూసిన ప్రతిసారీ నాకు మా నాయనమ్మ గుర్తుకు వస్తుంది. ఇంట్లో ఏ పిల్ల పుట్టినా ఆమె మొదట అడిగేది తల్లి ఎలా ఉందని కాదు, ఛాయ ఎలా ఉందని. మా చెల్లెలికి వారం వారం నలుగు పెట్టి రుద్దుతూ, ఎంత రుద్దినా తేలడం లేదని నిట్టూర్చేది. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంటే, నలుపు నారాయణ మెచ్చు అని ముద్దు పెట్టుకునేది. ఓదార్పు మాటే, కాని నలుపు ఓదార్చవలసిన విషయమని ఆ పిల్లకు ఐదేళ్ళకే తెలిసిపోయింది. నాయనమ్మను తప్పు పట్టడానికి ఈనాటికీ మా ఇంట్లో ఎవరికీ నోరు రాదు. నాకు కూడా ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మీవారు కూడా ఆ మాటను ఎవరో ఒక ప్రేమించిన మనిషి దగ్గరే నేర్చుకుని ఉంటారు. తెల్లవాడైనా సరే అన్న కొలత న్యూజెర్సీలో పుట్టింది కాదు, ఇక్కడి పెళ్ళిచూపుల నుంచి సామానుతో పాటు వెళ్ళింది. ఆయనకు ఒక చరిత్ర కూడా చెప్పండి. భారతీయుడు తెల్లవాడు కాడని చెప్పి, భగత్ సింగ్ థింద్ అనే సిక్కు మాజీ సైనికుడికి 1923లో అమెరికా సుప్రీంకోర్టు పౌరసత్వం నిరాకరించింది. మనవాళ్ళు పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్ళడానికి దారి తెరిచింది 1965 నాటి వలస చట్టం. పుట్టిన దేశాన్ని బట్టి వాటాలు వేసే పాత పద్ధతి కూలిపోవడానికి బలమిచ్చింది నల్లవారి హక్కుల పోరాటం. దెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి, ప్రాణాలిచ్చి వాళ్ళు మార్చిన దేశంలోకి మన డాక్టర్లూ ఇంజనీర్లూ విమానం దిగారు. ఆ అబ్బాయి తాతలు ఆ తరం మనుషులే అయి ఉంటారు.

ఒక్క భాగం చూసి ఆయన మారిపోతారని నేను మాట ఇవ్వలేను, ఆర్చీయే మారలేదు. ఆయన మారేదాకా అమ్మాయి ఒంటరిగా ఉండకుండా చూడడం మాత్రం మీ చేతిలో ఉంది. ఆ అబ్బాయిని మీరు ఈపాటికి భోజనానికి పిలిచి ఉండకపోతే, ఈ ఆదివారం పిలవండి. మీవారు బల్ల దగ్గరికి రాకపోయినా వంట ఆయనకూ కలిపే చేయండి.

ప్రశ్న: తెలుగులో ఇలాంటి ధారావాహిక తీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
(యువ రచయిత, నెల్లూరు)

జవాబు: దూరం వెళ్ళనక్కర లేదు, హైదరాబాదులోనే మొదలుపెట్టండి. చదువుల కోసం వచ్చిన ఆఫ్రికా విద్యార్థులు టోలిచౌకి వైపు చాలామంది ఉంటారు. పై అంతస్తు అద్దెకిచ్చే ఒక తెలుగు కుటుంబాన్ని తీసుకోండి. ఇంటాయన ఏ కులం, ఏం తింటారు అని అడిగి గాని తాళంచెవి ఇవ్వని మనిషి. ఆయనకు మంచితనం ఇవ్వండి, తెలివి ఇవ్వండి, లేకపోతే ప్రేక్షకుడు ఆయనలో తనను చూసుకోడు. ఆయన కొడుకు అమెరికాలో ఉంటాడు, అక్కడ ఎవరో తనను రంగు పేరుతో తిట్టారని ఫోన్‌లో చెబుతాడు, తండ్రి ఆ కోపంతో ఊగిపోతుండగా కింద గుమ్మంలో కెన్యా కుర్రాడు ఇల్లు అడగడానికి వచ్చి నిలబడతాడు. మాసాబ్ ట్యాంక్ పక్కన ఉన్న ఏసీ గార్డ్స్ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందనీ, వాళ్ళ వారసులైన సిద్దీ కుటుంబాలు ఈ నగరంలో ఆయన తాతల నాటి నుంచీ ఉన్నాయనీ ఆయనకు చెప్పే పాత్ర ఒకటి పక్కింట్లోనే ఉండవచ్చు.

ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఇంటాయన అనే ప్రతి మాటా మీకు సులభంగా వచ్చేస్తుంది, చిన్నప్పటి నుంచీ వింటున్నాం కనుక. ఆ కుర్రాడి మాటలు అలా రావు. ఇల్లు ఇవ్వనన్న రాత్రి అతను నైరోబీకి ఫోన్ చేసి, గది దొరికిందా నాయనా అని తల్లి అడిగితే ఏమని చెబుతాడో రాయగలిగిన మనిషిని మొదటి రోజు నుంచే మీతో కూర్చోబెట్టుకోండి.